మందు ఇచ్చాక ఎన్నాళ్లు ఆగాలి? రేసు గ్రేహౌండ్‌లపై మీ ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో గ్రేహౌండ్ కెన్నెళ్లలో పనిచేసే మనవాళ్లు, కుక్కల్లో వాటా ఉన్నవాళ్లు, రేసులు మానేసిన కుక్కల్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఈమధ్య ఎక్కువగా రాస్తున్నారు. అందరి ప్రశ్నా దాదాపు ఒకటే: మందు ఇచ్చాక కుక్క మళ్లీ ఎప్పుడు పరుగెత్తొచ్చు? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయించాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నేను ఇక్కడ చదువుకుంటూ వారాంతాల్లో ఒక కెన్నెల్‌లో పని చేస్తున్నాను. ఒక కుక్కకి కాలి వేళ్ల మధ్య చీము పడితే ప్రొకెయిన్ పెనిసిలిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. సీసా మీద మాంసానికి ఇన్ని రోజులు, పాలకి ఇన్ని రోజులు అని విత్‌హోల్డింగ్ పీరియడ్ రాసి ఉంది. ఆ రోజులు దాటితే రేసుకి పేరు ఇవ్వొచ్చా?
— ఒక విద్యార్థి, గీలాంగ్

జవాబు: ఇవ్వకూడదు బాబూ. సీసా మీద ఉన్న అంకె మీ కుక్క కోసం రాసింది కాదు.

ఆ అంకె ఆవుకి, గొర్రెకి సంబంధించింది. మందు వేసిన పశువు మాంసం, పాలు మనుషులు తినడానికి, తాగడానికి ఎప్పుడు పనికొస్తాయో అది చెబుతుంది. మాంసంలో మందు అవశేషం ఇంతకు మించకూడదని ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఆ పరిమితి కిందికి దిగడానికి ఎన్ని రోజులు పడుతుందో చూసి, ఆస్ట్రేలియాలో పశువుల మందుల్ని రిజిస్టర్ చేసే ఏపీవీఎంఏ ఆ గడువుని ఖాయం చేస్తుంది. అంటే అప్పటికి కొంచెం మందు మిగిలి ఉన్నా ఫరవాలేదన్నమాట. రేసు దగ్గర ఆ వెసులుబాటు లేదు. కుక్కని ట్రాక్ దగ్గర అప్పగించే వేళకి దాని ఒంట్లో నిషిద్ధ పదార్థం ఉండకూడదు, అంతే.

పైగా మీ సీసాలో ఉన్నవి రెండు. పెనిసిలిన్ యాంటీబయోటిక్. ల్యాబ్ వాళ్లు పట్టుకునేది దాన్ని కాదు, దానితో కలిపిన ప్రొకెయిన్‌ని. పెనిసిలిన్ కండలో నెమ్మదిగా కరగడానికి ప్రొకెయిన్‌ని జోడిస్తారు. కానీ అది లిగ్నోకెయిన్ లాగా ఇచ్చిన చోటుని మొద్దుబార్చే మందే, నొప్పి తెలియనివ్వదు. నెమ్మదిగా కరిగేలా చేసిన మందు కనక కండలోంచి రోజుల తరబడి కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. చీము తగ్గి, కుక్క హుషారుగా తిరుగుతున్నా మూత్రంలో ప్రొకెయిన్ కనిపిస్తూ ఉండొచ్చు.

రేసు కుక్కకి చీము పడితే ప్రొకెయిన్ లేని యాంటీబయోటిక్‌లు ఉన్నాయి. ఏది ఇవ్వాలో కుక్కని చూసిన వెట్, అంటే పశువుల డాక్టరు, చెప్పాలి. అసలు ఆ సీసా కెన్నెల్‌లోకి ఎవరు రాసిస్తే వచ్చిందో కూడా కనుక్కోండి. పశువుల కోసం కొన్న మందుని అందుబాటులో ఉంది కదా అని కుక్కకి పొడిచేయడం నాకు అస్సలు నచ్చని పని. ట్రైనర్‌తో వాదన పెట్టుకోలేని పరిస్థితి మీది, అర్థం చేసుకోగలను. కానీ ఇంజెక్షన్ ఏ రోజు, ఎంత ఇచ్చారో రాసిపెట్టమని అడగడంలో తప్పులేదు. ఇచ్చినట్టు రాయడం ఎలాగూ నిబంధనే.

ప్రశ్న: నమస్కారం డాక్టర్ గారూ. మేం కొందరు స్నేహితులం కలిసి ఒక గ్రేహౌండ్‌లో వాటాలు తీసుకున్నాం. మా కుక్కకి వెనక కుడి కాలి హాక్ (మడమ కీలు) దగ్గర వాపు వస్తే వెట్ ఐదు రోజులు మెలాక్సికామ్ అనే నొప్పి మందు రాశారు. ఇప్పుడు కుంటడం లేదు, బాగా తింటోంది. మందు ఒక రోజే పనిచేస్తుందంటారు కదా, మరి వచ్చే వారం రేసులో పెడితే ఏమవుతుంది? మా గ్రూపులో దీని మీద పెద్ద గొడవ నడుస్తోంది.
— బెండిగో

జవాబు: గొడవలో ఆగుదామన్నవాళ్లు ఎవరో గానీ, నేను వాళ్ల వైపు.

మందు పనిచేయడం ఆగడం వేరు, ఒంట్లోంచి పోవడం వేరు. కుక్కల్లో మెలాక్సికామ్ సగానికి తగ్గడానికి సగటున 24 గంటలు పడుతుంది. లెక్క వేసి చూడండి. 30 కిలోల కుక్కకి మామూలుగా మొదటి రోజు ఇచ్చే మోతాదు కిలోకి 0.2 మిల్లీగ్రాముల చొప్పున 6 మిల్లీగ్రాములు. రోజుకి సగం చొప్పున తగ్గుతూ పోతే పది రోజులకి వెయ్యో వంతు మిగులుతుంది. చాలా తక్కువ అనిపిస్తుంది కదా? ఆ వెయ్యో వంతు ఇంకా దాదాపు 6,000 నానోగ్రాములు. ల్యాబ్‌లు మిల్లీలీటరు మూత్రంలో నానోగ్రాముల లెక్కలో వెతుకుతాయి. ఇది ముతక లెక్కే. మందులో చాలా భాగం కాలేయంలో రూపం మారి మలంలో పోతుంది, మీ కుక్కకి ఇచ్చింది ఒక్క మోతాదు కూడా కాదు. పది రోజులు చాలనో, చాలవనో నేను చెప్పడం లేదు. నొప్పి మీద పని అయిపోయాక కూడా మందు జాడ ఎంతకాలం ఉంటుందో తెలియాలని చెబుతున్నాను. ఇంత సూక్ష్మంగా పట్టే యంత్రాలు వచ్చాయి కాబట్టే, వైద్యానికి వాడే కొన్ని మందులకు ల్యాబ్‌లు ఒక స్క్రీనింగ్ పరిమితి పెట్టుకుని, దానికి పైన ఉంటేనే రిపోర్టు చేస్తాయి.

ఇక రేసింగ్ సంస్థలు ప్రచురించే పట్టికలు. వాటిలో కనిపించేది ఎక్కువగా డిటెక్షన్ టైమ్. కొద్ది ఆరోగ్యమైన కుక్కలకి ఒక మందుని ఒక మోతాదులో, ఒక పద్ధతిలో ఇచ్చి, గంటల లెక్కన మూత్రం తీసి పరీక్షిస్తారు. అన్ని కుక్కల్లోనూ నెగెటివ్ వచ్చిన మొదటి సమయమే ఆ అంకె. దాన్నే గడువుగా తీసుకోవడం అందరూ చేసే పొరపాటు. గడువు అంటే ఆ అంకెకి మీ వెట్ కొన్ని రోజులు అదనంగా కలిపింది. ఎన్ని రోజులు కలపాలన్నది మీ కుక్కని బట్టే ఉంటుంది. పరీక్షలో ఒక్కసారి ఇచ్చి మీ కుక్కకి ఐదు రోజులు ఇచ్చారా? నీళ్లు తక్కువ తాగిందా? కాలేయం బాగుందా? కంపెనీ మందా, ఫార్మసీలో కలిపి ఇచ్చిన మందా? కలిపి ఇచ్చిన మందైతే పట్టికలో అంకె ఉన్నా దాన్ని నమ్మలేం, ఎందుకంటే ఆ పరీక్ష దాని మీద జరగలేదు. మామూలు జాతుల కుక్కల మీద వచ్చిన లెక్కల్ని గ్రేహౌండ్‌కి అరువు తెచ్చుకోవడం కూడా కుదరదు. కొన్ని మందుల్ని దీని కాలేయం మిగతా కుక్కల కంటే నిదానంగా వదిలిస్తుంది.

ఇదంతా పరీక్షలో దొరకడం, దొరక్కపోవడం గురించి. నాకు అంతకంటే ముఖ్యమైనది ఆ హాక్.

మీరు కుడి కాలు అని రాశారు. గ్రేహౌండ్‌లు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతాయి. మలుపు దగ్గర గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వంగినప్పుడు కుడి వెనక కాలి హాక్ లోపలి వైపు ఎముకల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. అందులో మధ్యన ఉండే చిన్న ఎముక, సెంట్రల్ టార్సల్ బోన్, ఈ జాతి రేసు కుక్కల్లో విరిగే ఎముకల్లో పేరుమోసినది. విరగడం కూడా ఎక్కువగా కుడి కాల్లోనే. అది ఒక్క పరుగులో విరిగినట్టు కనిపిస్తుంది గానీ, చాలా కుక్కల్లో అంతకుముందే ఆ ఎముక అలిసిపోయి ఉంటుంది. బయటికి కనిపించే గుర్తు కాస్త వాపు, నొక్కితే కాస్త నొప్పి.

ట్రాక్ మీద డ్యూటీలో ఉన్న వెట్ రేసుకి ముందు ప్రతి కుక్కనీ చూస్తారు. నేనూ ఆ పని చేశాను. వరసగా కుక్కలు వస్తుంటాయి, ఒక్కోదానికి దొరికేది కాసేపే. మెడ నుంచి మొదలుపెట్టి భుజం, మణికట్టు, వేళ్లు, వీపు, తొడ కండరాలు, హాక్ అన్నీ చేత్తో తడిమి చూస్తాం. అక్కడ ఎక్స్‌రే ఉండదు. హాక్ లోపలి వైపు బొటనవేలితో నొక్కినప్పుడు కుక్క కాలు లాక్కుంటుందా, తల తిప్పి నా చేతి వంక చూస్తుందా, అదొక్కటే నాకు తెలిసే దారి. మంచి గ్రేహౌండ్ అరవదు. తల తిప్పడమే చాలా ఎక్కువ. ఒంట్లో నొప్పి మందు ఉంటే ఆ తల కూడా తిప్పదు. నేను సరేనని పంపిస్తాను, అది పరుగు మొదలయ్యే బాక్సులోకి వెళుతుంది.

అందుకని మీరు అడగాల్సింది ఎన్ని రోజులకి మందు పోతుందని కాదు. మందు పూర్తిగా పోయాక, మళ్లీ ఏ మందూ లేకుండా ఆ హాక్ ఎలా ఉందని. గడువు అయ్యాక వెట్ దగ్గరికి తీసుకెళ్లి నొక్కి చూపించండి, అవసరమైతే ఎక్స్‌రే తీయించండి. ఆ తర్వాత నెమ్మదిగా పరుగు మొదలుపెట్టించండి. వచ్చే వారం రేసు మాత్రం వదిలేయండి. నామినేషన్ ఇచ్చేసి ఉంటే స్క్రాచ్ చేయించండి, అంటే పేరు వెనక్కి తీయించండి. దానికేమైనా జరిమానా, ఆంక్షా పడితే పడనివ్వండి.

ప్రశ్న: చెవిలో వేసే చుక్కలు, కంటి ఆయింట్‌మెంట్ పైపైన వేసేవే కదా, వాటికి కూడా గడువు చూడాలా?
— అడిలైడ్

జవాబు: చూడాలి. చెవి చుక్కల్లో, కంటి మందుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. చర్మం నుంచి, కంటి పొర నుంచి రక్తంలోకి పోతుంది, మూత్రంలో కనిపిస్తుంది. పైగా కుక్క చెవి గోక్కుని పాదం నాక్కుంటుంది. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు వెట్‌కి చదివి వినిపించి అడగండి. కీళ్లలోకి ఇచ్చే మిథైల్‌ప్రెడ్నిసలోన్ అసిటేట్, ట్రైయామ్సినలోన్ లాంటి డిపో స్టెరాయిడ్‌ల సంగతి మరీ జాగ్రత్త. అవి వారాల తరబడి నిలవుండేలా తయారుచేసినవి.

ప్రశ్న: అమ్మా, మా ఆయన చిన్నగా సొంత కుక్కలతోనే ట్రైనింగ్ చేస్తారు. పోయిన నెల మా కుక్క గెలిచింది. శాంపిల్‌లో డైక్లోఫెనాక్ వచ్చిందని కబురొచ్చింది. మేం ఆ మందు ఇవ్వనే లేదు. దేవుడి మీద ఒట్టు. ఇవ్వని మందు ఎలా వస్తుంది? ఇంట్లో నిద్ర లేదు, ఒకటే టెన్షన్.
— పేరు ప్రచురించవద్దన్నారు

జవాబు: మీ మాట నమ్ముతున్నానమ్మా. ఇవ్వకపోయినా రావడం జరిగేదే. ముందు ఇంట్లో మోకాలికో, భుజానికో, నడుముకో నొప్పి జెల్ ఎవరు రాసుకుంటున్నారో చూడండి.

మీరు ఉత్తరం చివర్లో మీ ఆయనకి భుజం నొప్పి అని, అయినా తెల్లారే లేచి కుక్కలకి తానే తిండి కలుపుతారని రాశారు. మీరు అది వేరే సంగతిగా రాశారు గానీ నాకు అదే ముఖ్యంగా కనిపించింది. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే నొప్పి జెల్‌లలో చాలావాటిలో ఉండేది డైక్లోఫెనాకే. జెల్ రాసుకుని చెయ్యి తుడుచుకుని, అదే చేత్తో మాంసం, కిబుల్ కలిపితే అది గిన్నెలోకి పోతుంది. చెమట పట్టిన ముంజేతిని కుక్క నాకినా పోతుంది. ఆ మందు కుక్కలకి విషం కూడా. కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. కాబట్టి రేసు సంగతి అలా ఉంచి, కుక్క వాంతులు చేసుకుంటోందా, మలం నల్లగా వస్తోందా అని ఇప్పుడే చూడండి.

ఇలా చెప్పకుండా వచ్చి చేరేవి ఇంకా ఉన్నాయి. పెట్ మీట్ పేరుతో నాకరీల (మనుషుల తిండికి పనికిరాని పశువుల్ని కోసే చోట్లు) నుంచి వచ్చే పచ్చి మాంసం వాటిలో పెద్దది. జబ్బు చేసి, మందులు వేసినా బతకని పశువుల మాంసం అందులో ఉండొచ్చు. ప్రొకెయిన్ పెనిసిలిన్ పొడిచిన చోట కండ ముక్కలో మందు ముద్దగా ఉండిపోతుంది. ఒక ముక్కలో ఏమీ ఉండదు, పక్క ముక్కలో బోలెడు ఉంటుంది. అందుకే ఒకే డబ్బాలోంచి తిన్న రెండు కుక్కల్లో ఒకటి పాజిటివ్ వచ్చి ఇంకోటి రాకపోవచ్చు. పెంటోబార్బిటాల్ ఇంజెక్షన్‌తో ప్రాణం తీసిన పశువు మాంసమైతే వండినా విషం పోదు. మనుషులు తినడానికి పనికొచ్చే మాంసమే పెట్టమని నేను గట్టిగా చెబుతాను. ఖర్చు ఎక్కువే, తెలుసు.

కాఫీ, టీ, చాక్లెట్‌లలోని కెఫీన్ లాంటివి కూడా పరీక్షలో దొరుకుతాయని అందరికీ తెలిసిందే. మన ఇళ్లలో ఇంకోటి ఉంది, గసగసాలు. గసగసాలు నూరి వేసిన కూర మిగిలిందని కుక్కకి పెడితే మూత్రంలో మార్ఫిన్ రావొచ్చు. కూరలో ఉల్లిపాయ ఎలాగూ కుక్కకి చేటే. మన గిన్నెలోది ఏదీ రేసు కుక్క గిన్నెలోకి పోకూడదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ రేసులకి నిబంధనలు రాసే గ్రేహౌండ్స్ ఆస్ట్రలేషియా ప్రకారం కుక్కని నిషిద్ధ పదార్థం లేకుండా తీసుకురావడం ట్రైనర్ బాధ్యత. ఎలా వచ్చిందో తెలియదన్నంత మాత్రాన కేసు పోదు, కుక్క గెలుపు కూడా నిలవదు. కానీ ఎలా వచ్చిందో చెప్పగలిగితే శిక్ష ఎంతన్న దాంట్లో దాన్ని పరిగణిస్తారు. కాబట్టి ఆ జెల్ ట్యూబు పారేయకండి. కొన్న రసీదు ఉంటే తీసిపెట్టండి. డాక్టరు రాసిన చీటీ ఉంటే అదీ. రేసు రోజు మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, మీ ఆయన చేత సంతకం పెట్టించి ఉంటారు. రెండోది బీ శాంపిల్. దాన్ని పరీక్ష చేయించమని అడిగే హక్కు ఉంది. గడువులోపు రాతపూర్వకంగా అడగండి. న్యూ సౌత్ వేల్స్‌లో గ్రేహౌండ్ వెల్ఫేర్ అండ్ ఇంటిగ్రిటీ కమిషన్, విక్టోరియాలో గ్రేహౌండ్ రేసింగ్ విక్టోరియా, ఇలా రాష్ట్రానికో సంస్థ ఉంటుంది. కబురు పంపిన సంస్థకే రాయాలి. విచారణలో నిజం నిజంగా చెప్పండి. ఎవరో కిట్టనివాళ్లు పెట్టారని ఊహించి చెబితే మీ మాటకే విలువ పోతుంది.

ఇక ముందు కెన్నెల్ తలుపు దగ్గర ఒక డబ్బా గ్లవ్స్ పెట్టుకోండి. జెల్ రాసుకున్నవాళ్లు ఆ రోజు తిండి గిన్నె ముట్టుకోవద్దు.

ప్రశ్న: మందుల పుస్తకంలో ఏమేం రాయాలి? పురుగుల మాత్ర కూడా రాయాలా?
— బ్రిస్బేన్

జవాబు: రాయాలి. టీకా, పురుగుల మందు, వైద్యం ఏదైనా సరే, కుక్క మీ దగ్గరకి వచ్చిన రోజు నుంచి రాయాలి. కుక్క పేరు, తేదీ, టైము, మందు పేరు, ఏ దారిన ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఎవరు ఇచ్చారు, సంతకం. ఆ రికార్డుని కనీసం రెండేళ్లు దాచాలి. ఇచ్చిన వెంటనే రాయండి. ఆదివారం రాత్రి కూర్చుని వారమంతా గుర్తు తెచ్చుకుని రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది, అన్ని పేజీల్లో ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒకే వేగం. బీ12 లాంటి విటమిన్ ఇంజెక్షన్లు కూడా రాయండి. బీ12లో కోబాల్ట్ ఉంటుంది. మూత్రంలో కోబాల్ట్‌కి మిల్లీలీటరుకి 100 నానోగ్రాముల పరిమితి ఉంది. విటమినే కదా అని సూది మీద సూది పొడిచేవాళ్లు దాన్ని తెలుసుకోవాలి.

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం రేసులు మానేసిన ఆడ గ్రేహౌండ్‌ని దత్తత తీసుకున్నాం. పళ్లు పాడయ్యాయి, కొన్ని పీకాలన్నారు. రేసులు లేవు కదా, ఇక మందుల గడువుల గురించి పట్టించుకోనక్కర్లేదా? మత్తు ఇస్తే గ్రేహౌండ్‌లు తట్టుకోలేవని ఎవరో భయపెట్టారు.
— పెర్త్

జవాబు: గడువుల బాధ మీకు లేదు. నొప్పి మందు కావలసినన్ని రోజులు, వెట్ చెప్పినట్టు ఇవ్వండి. పళ్లు పీకించుకున్న కుక్కకి నొప్పి లేకుండా చూడటం మీ చేతిలో పని, సంతోషంగా చేయండి.

మత్తు భయం పాత థయోపెంటోన్ రోజుల నాటిది. గ్రేహౌండ్ ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, ఆ మందుని కాలేయం వదిలించడం కూడా నిదానం. అందుకని మత్తు దిగడానికి గంటల కొద్దీ పట్టేది. ఇప్పుడు వెట్‌లు వేరే మందులు వాడతారు, మోతాదు చూసుకుంటూ ఇస్తారు. మీరు మాత్రం గ్రేహౌండ్ అని ముందే చెప్పి, రక్త పరీక్ష చేయించండి. రిపోర్టులో ఎర్ర రక్తకణాల శాతం ఎక్కువగా, థైరాయిడ్ టీ4 తక్కువగా కనిపిస్తే గాభరా పడకండి. ఈ జాతికి అది మామూలే. ఆ టీ4 అంకె ఒక్కటే చూసి జీవితాంతం థైరాయిడ్ మాత్రలు మొదలుపెడతామంటే, గ్రేహౌండ్‌ల లెక్కతో పోల్చారా అని ఒకసారి అడగండి.

నాకు అసలు చింత వేరే ఉంది. కొన్ని గ్రేహౌండ్‌లకి ఆపరేషన్ రోజు అంతా బాగుండి, ఒకటి రెండు రోజుల తర్వాత రక్తం కారడం మొదలవుతుంది. గడ్డకట్టిన రక్తం తొందరగా కరిగిపోవడం వల్ల ఇలా జరుగుతుంది. పళ్లు పీకించాక మూడు రోజులు చిగుళ్లు, పరుపు, నీళ్ల గిన్నె చూస్తూ ఉండండి. ఎర్రగా కనిపించినా, ఒంటి మీద ఎక్కడైనా నీలం మచ్చలు వచ్చినా రాత్రయినా ఫోన్ చేయండి. దానికి మందులున్నాయి. ముందుగానే ఇవ్వడం మంచిదేమో ఆపరేషన్‌కి ముందే మీ వెట్‌ని అడగండి. మత్తులో ఈ కుక్కలు తొందరగా చల్లబడతాయి కాబట్టి ఇంటికి తెచ్చేటప్పుడు కారులో ఒక దుప్పటి పెట్టుకెళ్లండి. దత్తత కాగితాలతో పాటు పాత ట్రైనర్ మందుల రికార్డు ఏమైనా వచ్చి ఉంటే అదీ క్లినిక్‌లో ఇవ్వండి. ఇంతకుముందు ఏ మత్తు ఇచ్చారో, ఎలా లేచిందో అందులో రాసి ఉండొచ్చు.